మసాలా కూరగాయల స్మూతీ: పటాన్‌చెరు, సంగారెడ్డి షిఫ్టు కార్మికుల ఇళ్ళకు పనికొచ్చే గ్లాసు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్, జిన్నారం, గడ్డపోతారం. ఈ వైపు చాలా ఇళ్ళల్లో ఒకరైనా షిఫ్టు డ్యూటీ చేసేవాళ్ళు ఉంటారు. పొద్దున ఆరింటికి గేటు దాటాలంటే టిఫిన్‌కు టైము ఉండదు. నైట్ షిఫ్టు దిగి వచ్చినవాళ్ళకు ఆకలి కన్నా నిద్రే ముఖ్యం. మధ్యలో గేటు బయట చాయ్, సమోసా, మిర్చి బజ్జీ, ఎండాకాలమైతే కూల్‌డ్రింకు. అన్నం, చారు ఎలాగో కడుపులో పడతాయి. తగ్గేది కూరగాయలే.

మరి రోజుకు ఎన్ని కూరగాయలు తినాలి? హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2024 మే నెలలో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 కిలోక్యాలరీలు తీసుకునే మనిషికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, దానికి తోడు 100 గ్రాముల పండ్లు ఉండాలని అందులో చెప్పారు. రెండు పూటల అన్నంలో కలుపుకునే కాస్త కూరతో ఈ లెక్క నిండదు.

ఇక్కడే కూరగాయల స్మూతీ పనికొస్తుంది. పేరు కొత్తగా ఉన్నా పెద్ద విద్యేమీ కాదు. కూరగాయలను పిప్పి తీసెయ్యకుండా, మసాలాతో, మజ్జిగతోనో నీళ్ళతోనో మెత్తగా తిప్పి తాగడమే. సరిగ్గా చేస్తే ఒక గ్లాసులో 150 గ్రాములకు పైగా కూరగాయలు పడతాయి, అంటే రోజు లెక్కలో మూడో వంతు దాటుతుంది. అయితే ఈ గ్లాసు గురించి చెప్పే మాటలన్నీ నిజం కావు. ముఖ్యంగా మన పారిశ్రామిక ప్రాంతంలో దాన్ని ఎలా చెయ్యాలి, దాని నుంచి ఏం ఆశించాలి, ఏం ఆశించకూడదు అన్నది తెలుసుకోవాలి.

యాంటీఆక్సిడెంట్లు అంటే ఏంటి?

వంకాయ కోసి పక్కన పెడితే కాసేపటికి ముక్కలు నల్లబడతాయి. గాలిలోని ఆక్సిజన్ తగిలి లోపలి పదార్థాలు మారిపోవడం వల్ల అలా జరుగుతుంది. అందుకే కోసిన ముక్కలను ఉప్పు నీళ్ళలో వేస్తారు. కోసిన ఆపిల్ ముక్క మీద నిమ్మరసం పిండినా నల్లబడడం తగ్గుతుంది. నిమ్మరసంలోని పులుపు, విటమిన్ సి రెండూ అక్కడ పనిచేస్తాయి.

మన ఒంట్లో కూడా ఆక్సిజన్ వాడకంలో ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుడతాయి. పొగ, సిగరెట్, ఎండ, కొన్ని రసాయనాలు వాటిని పెంచుతాయి. అవి హద్దు దాటితే కణాలు దెబ్బతింటాయి. వాటిని అదుపు చేసే పదార్థాలనే యాంటీఆక్సిడెంట్లు అంటారు. కొన్నిటిని శరీరమే తయారు చేసుకుంటుంది. విటమిన్ సి, విటమిన్ ఇ, క్యారెట్‌లోని బీటా కెరోటిన్, టమాటాలోని లైకోపీన్, బీట్‌రూట్ ఎరుపునిచ్చే బెటలైన్లు, ఆకుకూరల్లోని లూటీన్ లాంటివి తిండి నుంచి వస్తాయి.

సీసాల మీద, ప్యాకెట్ల మీద "అత్యధిక యాంటీఆక్సిడెంట్ శక్తి" అని రాసే అంకెలను మాత్రం పెద్దగా పట్టించుకోవద్దు. పరీక్ష గొట్టంలో వచ్చిన బలం ఒంట్లోనూ అలాగే పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. అలాంటి అంకెలను కంపెనీలు ప్రచారానికి వాడుకుంటున్నాయని అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన పట్టికనే వెబ్‌సైట్ నుంచి తీసేసింది.

మన వంటింటికి కొత్త కాదు

స్మూతీ అన్న మాట బయటి నుంచి వచ్చింది గానీ పద్ధతి మనదే. రోట్లో దంచిన టమాటా తొక్కు, కొత్తిమీర తొక్కు, పుదీనా పచ్చడి ఏంటి? మసాలాతో నూరిన కూరగాయలే. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు వేసిన చల్ల ఉంది. బిర్యానీతో ఇచ్చే వెల్లుల్లి ఘాటున్న బుర్హానీ ఉంది. ఎండాకాలం పొలం పోయేవాళ్ళు తాగే జొన్న అంబలి, రాగి అంబలి ఉన్నాయి. వీటిని కలిపి కూరగాయల పాలు పెంచితే అదే మసాలా స్మూతీ.

జహీరాబాద్ వైపు పొలాల్లో విత్తకుండానే మొలిచే గంగవాయిలి, జొన్నచెంచలి, దొగ్గలి లాంటి ఆకుకూరలు కూడా మన జిల్లా సొత్తే. చిరుధాన్యాలతో పాటు ఈ ఆకుకూరల విలువను అక్కడి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఏళ్ళ తరబడి చెప్తూ వచ్చాయి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్ పరిశోధన పంటలు కూడా జొన్న, సజ్జ, శనగ, కంది, పల్లి. మంచి గ్లాసుకు కావాల్సిన సరుకు ఎక్కడి నుంచో తెప్పించుకోనక్కర్లేదు.

ఏ సరుకు ఏం ఇస్తుంది?

క్యారెట్, టమాటా: వీటిలోని బీటా కెరోటిన్, లైకోపీన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు ఉండాలి. అందుకే ఒక చెంచా వేయించిన పల్లీలో నువ్వులో వెయ్యాలి. కొద్దిగా ఉడికిస్తే ఇంకా బాగా పడతాయి. పచ్చిగానే తినాలన్న రూలేమీ లేదు.

బీట్‌రూట్: ఇందులోని నైట్రేట్లు రక్తనాళాలను కాస్త సడలించి బీపీని కొద్దిగా తగ్గిస్తాయి. తాగిన తర్వాత మూత్రం ఎర్రగా వస్తే పరేషాన్ కావద్దు, కొంతమందికి బీట్‌రూట్ రంగు అలా కనిపిస్తుంది. బీట్‌రూట్ తినని రోజు కూడా ఎర్రగా వస్తే మాత్రం డాక్టర్‌కు చూపించాలి.

ఉసిరికాయ, నిమ్మకాయ, జామ: విటమిన్ సి కోసం. ఉసిరిలో నారింజ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. రోజుకు మగవాళ్ళకు 80, ఆడవాళ్ళకు 65 మిల్లీగ్రాములు కావాలని ఐసీఎంఆర్-ఎన్ఐఎన్ 2020 లెక్క. ఆకుకూరలోని ఐరన్ ఒంటికి పట్టడానికి కూడా ఇదే సాయం చేస్తుంది.

తోటకూర, పాలకూర, మునగాకు, కొత్తిమీర, పుదీనా: లూటీన్, ఫోలేట్, ఐరన్ ఇస్తాయి. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ప్యాకింగ్ సెక్షన్లలో రోజంతా నిలబడి పనిచేసే ఆడవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. అయితే రక్తం తక్కువని తేలినవాళ్ళు దవాఖానలో ఇచ్చే ఐరన్ గోళీలు మానేసి స్మూతీ మీద ఆధారపడొద్దు. రెండూ ఉండాలి.

పసుపు, మిరియాలు: పసుపులోని కర్‌క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 2 గ్రాముల కర్‌క్యుమిన్‌కు మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే రక్తంలో దాని లభ్యత 20 రెట్లు పెరిగిందని చూపించారు. "పసుపులో మిరియాలు వెయ్యండి" అన్న సలహా అక్కడి నుంచే ఊరంతా పాకింది. కానీ లెక్క చూడండి. పసుపులో కర్‌క్యుమిన్ సుమారు 3 శాతమే. 2 గ్రాములు కావాలంటే 60 గ్రాములకు పైగా పసుపు తినాలి. మన గ్లాసులో పడేది చిటికెడు. రుచికి, రంగుకు బాగుంటుంది, మందులా పనిచేస్తుందని అనుకోవద్దు.

జీలకర్ర, అల్లం: వాసన, రుచి ఇస్తాయి. వీటివల్లనే ఉప్పు తక్కువ వేసినా గ్లాసు చప్పగా ఉండదు. రోజు మొత్తంలో ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకూడదు. ఊరగాయ, చారు, బజ్జీలతోనే అది దాటిపోతుంది కాబట్టి స్మూతీలో చిటికెడుకు మించొద్దు.

ముందు నీళ్ళ సంగతి, కడిగే సంగతి

ఈ ప్రాంతంలో తిండి గురించి రాస్తూ నీళ్ళ గురించి రాయకపోతే సగమే చెప్పినట్టు. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు నక్కవాగులో కలిసి, అటు నుంచి మంజీరలోకి పోవడం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. బాధిత గ్రామాలకు మంచినీళ్ళు అందించాలని కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. 2001లో ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం మట్టిలో క్రోమియం, ఆర్సెనిక్ లాంటి లోహాలు ఎక్కువగా కనిపించాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళను పరీక్షిస్తే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది.

దీన్నిబట్టి ఇంట్లో ఏం చెయ్యాలి?

మొదటిది, స్మూతీలో కలిపే నీళ్ళు తాగేందుకు పనికొచ్చేవే కావాలి. ఫ్యాక్టరీల దగ్గరి బోరు నీళ్ళు వద్దు. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ లోహాలు, రసాయనాలు పోవు. నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి కూడా. మిషన్ భగీరథ నల్లా నీళ్ళో, నమ్మకమైన శుద్ధి నీళ్ళో వాడండి.

రెండోది, కూరగాయలు ఎక్కడ పండాయో అడగండి. కలుషిత వాగు పక్కన ఆ నీళ్ళతోనే పెరిగిన ఆకుకూర చూడ్డానికి పచ్చగా, నిగనిగలాడుతూనే ఉంటుంది. కాడ లోపలికి, ఆకు లోపలికి చేరిన లోహం కడిగితే పోదు. కాయల కన్నా ఆకుకూరలు ఇలాంటి లోహాలను ఎక్కువగా పీల్చుకుంటాయి. రైతు బజారులో రైతునే ఏ ఊరు, ఏ నీళ్ళు అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. రోజూ ఒకే చోట, ఒకే ఆకుకూర కొనకుండా మార్చి మార్చి కొంటే ఒకేదాని నుంచి వచ్చే చెడు పేరుకుపోదు.

మూడోది, కడగడం. మట్టి, క్రిములు, పైన అంటిన పురుగుమందు కొంతవరకు దీనితో పోతాయి. ఆకుకూరలను వేళ్ళు కోసి, విడదీసి, మూడు నీళ్ళు మార్చి కడగాలి. తర్వాత లీటరు నీళ్ళకు ఒక పెద్ద చెంచా ఉప్పు వేసి పది నిమిషాలు నానబెట్టి, మళ్ళీ మంచినీళ్ళతో కడగాలి. క్యారెట్, బీట్‌రూట్ తొక్క తీసెయ్యాలి. సబ్బు, డిటర్జెంట్ పెట్టి కడగొద్దు.

నాలుగోది, పచ్చివి కాకుండా కాస్త ఉడికించినవి వాడడం ఈ ప్రాంతంలో మంచిది. ఆకుకూర మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు, క్యారెట్, బీట్‌రూట్ ఆవిరి మీద అయిదు నిమిషాలు చాలు. విటమిన్ సి కొంత తగ్గుతుంది, దాన్ని చివర్లో పిండే నిమ్మరసం పూడుస్తుంది.

తయారీ 1: ఎర్ర గ్లాసు (రోజూ చేసుకునేది)

రెండు గ్లాసులకు:
- క్యారెట్ ఒకటి (80 గ్రాములు)
- బీట్‌రూట్ చిన్న ముక్క (40 గ్రాములు)
- పండిన టమాటా ఒకటి (80 గ్రాములు)
- కీర దోసకాయ సగం (100 గ్రాములు)
- కొత్తిమీర, పుదీనా కలిపి ఒక గుప్పెడు (20 గ్రాములు)
- అల్లం అర అంగుళం
- వేయించి పొట్టు తీసిన పల్లీలు ఒక పెద్ద చెంచా
- మిరియాలు నాలుగు, వేయించిన జీలకర్ర పొడి అర చెంచా, పసుపు చిటికెడు
- ఉసిరికాయ ఒకటి, లేదా నిమ్మకాయ సగం
- నీళ్ళు లేదా పలుచని మజ్జిగ ఒక గ్లాసు (200 మిల్లీలీటర్లు)
- ఉప్పు చిటికెడు

కీర ముక్క ముందు కొరికి రుచి చూడండి. చేదుగా ఉంటే పారెయ్యండి. క్యారెట్, బీట్‌రూట్, టమాటా ఆవిరి మీద అయిదు నిమిషాలు ఉంచి చల్లార్చండి. ముందు పల్లీలు, మిరియాలు, అల్లం, గింజ తీసిన ఉసిరికాయ వేసి మిక్సీ తిప్పండి. తర్వాత కూరగాయలు, సగం నీళ్ళు పోసి మెత్తగా చెయ్యండి. చివర కొత్తిమీర, పుదీనా, మిగతా నీళ్ళు, జీలకర్ర పొడి, పసుపు, ఉప్పు వేసి ఒక్కసారి తిప్పితే చాలు. నిమ్మరసమైతే గ్లాసులో పోశాక పిండండి.

వడకట్టొద్దు. పీచు పోతే సగం లాభం పోయినట్టే. బెల్లం, చక్కెర, తేనె అక్కర్లేదు, క్యారెట్ తీపి సరిపోతుంది. మొత్తం కూరగాయలు 320 గ్రాములు. అంటే గ్లాసుకు 160 గ్రాములు.

తయారీ 2: పచ్చ గ్లాసు (ఐరన్ కోసం)

రెండు గ్లాసులకు రెండు గుప్పెళ్ళ తోటకూర, ఒక కీర దోసకాయ, నాలుగు రెమ్మల పుదీనా, ఒక ఉసిరికాయ, చిన్న అల్లం ముక్క, వేయించిన నువ్వులు ఒక చెంచా, జీలకర్ర పొడి, రెండు మిరియాలు, ఒక గ్లాసు నీళ్ళు. తోటకూరను మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు వేసి, తీసి, ఆ నీళ్ళు పారబోసి వాడాలి.

ఇందులో పెరుగు, మజ్జిగ వెయ్యొద్దు. కాల్షియం ఐరన్‌కు అడ్డు పడుతుంది. చాయ్ కూడా అంతే. ఈ గ్లాసు తాగడానికి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట చాయ్ మానండి. ఆడవాళ్ళకు రోజుకు 29, మగవాళ్ళకు 19 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. ఒక్క గ్లాసుతో అది నిండదు, పప్పు, చిరుధాన్యాలు, తినేవాళ్ళకు మాంసం కూడా ఉండాలి.

తయారీ 3: అంబలి గ్లాసు (షిఫ్టుకు ముందు కడుపు నింపేది)

రెండు చెంచాల జొన్న పిండి లేదా రాగి పిండిని చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, రెండు గ్లాసుల నీళ్ళలో పది నిమిషాలు ఉడికించి చల్లార్చండి. అందులో ఒక గ్లాసు మజ్జిగ, ఉడికించి మెత్తగా చేసిన క్యారెట్ ఒకటి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, కరివేపాకు, అల్లం, జీలకర్ర పొడి, చిటికెడు ఉప్పు కలపాలి. తొలి షిఫ్టుకు పొద్దున అయిదింటికి బయలుదేరేవాళ్ళకు రాత్రే అంబలి కాచి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, పొద్దున మజ్జిగ, కూరగాయలు కలపడానికి రెండు నిమిషాలు పడుతుంది.

మిక్సీ లేదా? నలుగురైదుగురు కలిసి అద్దె గదిలో ఉండే తమ్ముళ్ళకు ఇది మామూలే. ఉడికించిన క్యారెట్, బీట్‌రూట్ తురుము పీట మీద తురిమి, కీర కూడా తురిమి, మజ్జిగలో చిలకండి. కొంచెం నమిలి తాగాల్సి వస్తుంది, అంతే తేడా. నమలడం మంచిదే.

ఎప్పుడు తాగాలి, ఎలా తీసుకెళ్ళాలి?

తొలి షిఫ్టువాళ్ళు ఇంట్లోనే తాగి వెళ్ళడం మేలు. రెండో షిఫ్టువాళ్ళు మధ్యాహ్నం భోజనానికి అరగంట ముందు తాగొచ్చు. నైట్ షిఫ్టువాళ్ళు డ్యూటీకి పోయే ముందు సాయంత్రం తీసుకుంటే మంచిది. పొద్దున ఇంటికొచ్చి కడుపు నిండా తాగి పడుకుంటే మధ్యలో లేవాల్సి వస్తుంది. రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్ళు ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్ళ తర్వాత తీపి షర్బత్ బదులు ఎర్ర గ్లాసు పెట్టుకోవచ్చు. వేయించిన పకోడీలు ఆ మేరకు తగ్గుతాయి.

రుబ్బిన కూరగాయ త్వరగా పాడవుతుంది. బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు. 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే ఒక్క గంటే. డ్యూటీకి తీసుకెళ్ళాలంటే ఐసు ముక్కలు వేసి స్టీలు ఫ్లాస్కులో పొయ్యండి, మొదటి బ్రేకులోనే తాగెయ్యండి. వాసన మారినా, నురగ వచ్చినా పారబోయండి. రసాయనాల దగ్గర పనిచేసేవాళ్ళు ప్లాంటు లోపల తాగొద్దు. చేతులు సబ్బుతో కడుక్కుని, పని బట్టలు, గ్లౌజులు తీసేసి, క్యాంటీన్‌లో లేదా రెస్ట్ రూములో తాగాలి. లేకపోతే చేతికి అంటిన పొడి నేరుగా నోట్లోకి పోతుంది.

బాయిలర్, ఫర్నేస్ దగ్గర పనిచేసేవాళ్ళకు ఇంకో మాట. స్మూతీ నీళ్ళకు బదులు కాదు. వేడిలో పనిచేసేటప్పుడు ప్రతి 15-20 నిమిషాలకు ఒక కప్పు నీళ్ళు తాగాలని వృత్తి ఆరోగ్య నిపుణుల సలహా. దాహం వేసేదాకా ఆగొద్దు.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు: క్యారెట్, బీట్‌రూట్, టమాటా, ఆకుకూరల్లో పొటాషియం ఎక్కువ. కిడ్నీ సరిగా పనిచేయకపోతే అది రక్తంలో పేరుకుపోయి గుండెకు ప్రమాదం. డాక్టర్‌ను అడగకుండా తాగొద్దు.

కిడ్నీలో రాళ్ళు ఉన్నవాళ్ళు: పాలకూర, తోటకూర, గంగవాయిలి, బీట్‌రూట్‌లో ఆక్సలేట్లు ఎక్కువ. రోజూ పచ్చి పాలకూర గ్లాసుల కొద్దీ తాగి కిడ్నీలు దెబ్బతిన్న రోగుల గురించి వైద్య పత్రికల్లో వచ్చింది. కీర, సొరకాయ, క్యారెట్ ఎక్కువగా, ఆకుకూర తక్కువగా వాడండి.

షుగర్ ఉన్నవాళ్ళు: వడకట్టకుండా, చక్కెర లేకుండా, భోజనంతో పాటు అర గ్లాసుతో మొదలుపెట్టండి. పండ్లు కలపొద్దు. షుగర్ పరీక్ష చేసుకుని పెంచాలో తగ్గించాలో చూసుకోండి.

రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు: ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందు బలాన్ని తగ్గిస్తుంది. ఒక్కసారిగా మొదలుపెట్టొద్దు, ఒక్కసారిగా మానొద్దు. డాక్టర్‌కు చెప్పండి.

సొరకాయ వాడే అందరూ: చేదుగా ఉన్న సొరకాయ రసం ప్రాణం మీదికి తెస్తుంది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ, కాకరకాయ రసం తాగి చనిపోయారు. తర్వాత ఐసీఎంఆర్ నిపుణుల కమిటీ 2012లో ప్రచురించిన నివేదిక స్పష్టంగా చెప్పింది: రసం తీసే ముందు ముక్క కొరికి చూడాలి, చేదుగా ఉంటే పారెయ్యాలి, వేరే రసాలతో కలపకూడదు. మసాలా వేస్తే చేదు తెలియకుండా పోతుంది, అదే అసలు ప్రమాదం. తాగాక వాంతులు, కడుపు నొప్పి, విరేచనాలు వస్తే ఆలస్యం చెయ్యకుండా దవాఖానకు పోవాలి.

పసుపు విషయంలో కూడా ఒక హెచ్చరిక. విడిగా అమ్మే పసుపు పొడిలో రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన కేసులు దేశంలో బయటపడ్డాయి. సీసం పిల్లల మెదడుకు చేటు. నిజామాబాద్ లాంటి పసుపు మార్కెట్ పక్కనే ఉన్న మనకు కొమ్ములు దొరకడం కష్టం కాదు. కొమ్ములు కొని గిర్నీలో పట్టించుకోవడం మేలు.

ఇది మందు కాదు

పారిశ్రామిక ప్రాంతాల్లో "ఒంట్లోని విషం కడిగేస్తుంది", "డిటాక్స్", "ఊపిరితిత్తులు శుభ్రం చేస్తుంది" అంటూ పొడులు, గోళీలు, సీసాలు అమ్ముతారు. రసాయనాల మధ్య పనిచేసేవాళ్ళ భయమే వాటికి పెట్టుబడి. కాబట్టి రెండు పెద్ద పరిశోధనల సంగతి తెలియాలి.

ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగే 29,133 మంది మగవాళ్ళ మీద విటమిన్ ఇ, బీటా కెరోటిన్ గోళీలను పరీక్షించారు. క్యాన్సర్ తగ్గుతుందని ఆశించారు. 1994లో ఫలితాలు వస్తే, బీటా కెరోటిన్ వాడినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ కనిపించింది. అమెరికాలో 18,314 మందితో ఇంకో పరిశోధన నడిచింది. వాళ్ళలో పొగ తాగేవాళ్ళు, మానేసినవాళ్ళు, ఆస్బెస్టాస్ పనిలో ఉన్న కార్మికులు ఉన్నారు. బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం పెరగడంతో 1996 జనవరిలో అనుకున్న గడువుకు ముందే ఆపేశారు.

క్యారెట్‌తో ఇలాంటి హాని ఎక్కడా కనిపించలేదు. కూరగాయలో బీటా కెరోటిన్ ఒక్కటే ఉండదు, పీచు, నీరు, ఇంకా ఎన్నో పదార్థాలు తక్కువ మోతాదుల్లో కలిసి ఉంటాయి. గోళీలో ఒక్కదాన్నే గుట్టగా ఇస్తారు. కాబట్టి కూరగాయ తినండి, యాంటీఆక్సిడెంట్ గోళీల జోలికి పోవద్దు. ముఖ్యంగా సిగరెట్, బీడీ తాగేవాళ్ళు, దుమ్ములో పనిచేసేవాళ్ళు.

సాల్వెంట్ ఆవిరిని, దుమ్మును ఏ గ్లాసూ ఆపలేదు. వాటిని ఆపేవి సరైన మాస్కు, ఎగ్జాస్ట్, మూసిన యంత్రాలు, క్రమం తప్పని వైద్య పరీక్షలు. దగ్గు, ఆయాసం, చేతుల తిమ్మిరి, చర్మం మీద దద్దుర్లు ఉంటే ఈఎస్ఐ దవాఖానలో ఏ సెక్షన్‌లో ఏ రసాయనంతో పనిచేస్తున్నారో డాక్టర్‌కు చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే అసలు కారణం దొరక్కపోవచ్చు.

క్యాంటీన్‌లో అడగొచ్చు

ఇంట్లో ఎంత చేసినా ఎనిమిది గంటలు గడిచేది ఫ్యాక్టరీలో. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ ఉండాలంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఆ హద్దును 100 మందికి తెచ్చింది, కాంట్రాక్టు కార్మికులను కూడా కలిపి లెక్కపెట్టాలంది. అంటే ఇదివరకు క్యాంటీన్ లేని చిన్న యూనిట్లలో పనిచేసేవాళ్ళకు కూడా ఇప్పుడు అడిగే హక్కు ఉంది.

అడగాల్సింది పెద్దదేమీ కాదు. రోజూ ఒక ఆకుకూర, ఒక కూర, బ్రేకులో చాయ్‌తో పాటు మసాలా మజ్జిగ. పెద్ద గ్రైండర్ ఉన్న క్యాంటీన్‌లో వంద మందికి ఎర్ర గ్లాసు చెయ్యడానికి క్యారెట్లు, టమాటాలు ఎనిమిదేసి కిలోలు కూడా పట్టవు. పై లెక్క ప్రకారం యాభై రెట్లు చేస్తే నాలుగేసి కిలోలు, కీర అయిదు కిలోలు, బీట్‌రూట్ రెండు కిలోలు చాలు. ఆ కాగితం పట్టుకుని క్యాంటీన్ కమిటీ దగ్గరికి నలుగురు కలిసి వెళ్ళండి. కూరగాయలు ఎక్కడి నుంచి తెస్తున్నారో, ఏ నీళ్ళతో కడుగుతున్నారో కూడా అదే రోజు అడగండి.